సాబ్ తోటలో దాల్చిన చెట్టు

దాల్చిన చెక్క గురించి నా ముందు ఎవరూ గొప్పలు చెప్పకూడదు. మా కోడలు దుకాణం నుంచి తెచ్చిన పొట్లం విప్పి "అత్తమ్మా, వాసన చూడు" అంటే, నేను వాసన చూడను, ఒక ముక్క తీసి విరుస్తాను. మందంగా, మొద్దుగా, ఒకే పొరగా ఉంటే పక్కన పెట్టేస్తాను. పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి దూరి, చుట్టలా ఉండి, పటుక్కున విరిగితేనే అది నాకు దాల్చిన చెక్క. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నానని అడుగుతుంది. చేవెళ్లలో తోళ్లు బాగుచేసే మా తాత దగ్గర అంటే నమ్మదు. ఆమెను అనడానికి లేదు, ఆ వయసులో నాకు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల ముప్పైల చివరి మాట. మొయినాబాద్ నుంచి చిల్కూరు పోయే బాట పక్కన ఒక తోట ఉండేది. పట్నంలో పెద్ద కొలువు చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి దాని యజమాని. అందరికీ ఆయన సాబ్. మా బాపు ఆ తోటలో మాలీ. తోట మూలన రెండు గదుల పెంకుటిల్లు మాకు ఉండటానికి ఇచ్చారు. జామ, మామిడి, నిమ్మ, బత్తాయి అన్నీ ఉండేవి కానీ సాబ్ ప్రాణమంతా ఒక్క దాల్చిన చెట్టు మీదే ఉండేది. మలబారులో ఉండే దోస్తు ఎవరో మొక్క పంపాడట. మా ఎర్ర నేల, మా ఎండ దానికి ఎక్కడ పడతాయి? అందుకని మోట బావి కాలువ పక్కన, రెండు మామిడి చెట్ల నీడన నాటించి, బాపుకు అప్పగించాడు. బాపు దాన్ని పసిపిల్లలా సాకాడు. నాకు పదేళ్లు వచ్చేసరికి అది ఇద్దరు మనుషుల ఎత్తయింది.

పట్నం నుంచి ఎవరు వచ్చినా సాబ్ ముందు అక్కడికే తీసుకెళ్లేవాడు. మూడు ఈనెల నున్నటి ఆకు ఒకటి తెంపి, నలిపి, వచ్చినవాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. ఏటా చలికాలం మొదట్లో బాపు చేత కాండం మీద ఒక పక్క బెత్తెడు చెక్క తీయించేవాడు. ఆ చెక్కతో చాయ కాచి అతిథులకు పోయించి, "ఇది మన మొయినాబాద్ దాల్చినీ" అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. అది సాబ్‌కు, అప్పటికి చిన్నదాన్నైన నాకు తప్ప తోటలో అందరికీ తెలుసు. ఆ చెక్కకు రుచీ లేదు, వాసనా లేదు. ఎండితే చుట్టుకునేది కాదు, పిడక ముక్కలా బిగుసుకుపోయేది. చాయలో వేస్తే వగరూ చేదూ. వంట చేసే బావర్చి మొదటి ఏడే దాన్ని పొయ్యిలో పడేసి, బజారు నుంచి తెచ్చిన చెక్క వేశాడు. సాబ్ ఒక గుటక మింగి కళ్లు మూసుకుని, "మన చెట్టుది, తెలుస్తున్నది" అన్నాడట. బావర్చి ఇక నోరు విప్పలేదు. ఆ రోజుల్లో నోరు విప్పితే ముత్యాలు రాలవు, కొలువులు రాలతాయి.

బడి సెలవుల్లో నన్ను చేవెళ్లకు పంపేవారు. ఊరి బయట తాత ఇల్లు, ఇంటి వెనక తోళ్లు నానబెట్టే లందలు. మొదటి రోజు ముక్కు మూసుకుని తిరిగేదాన్ని, మూడో రోజుకు వాసన ఉందన్న సంగతే మర్చిపోయేదాన్ని. తోలు పదును కావాలంటే తంగేడు చెక్క కావాలి. అందరికీ తంగేడు అంటే బతుకమ్మ పువ్వు. మాకు చెక్క. వానలు పడి కొమ్మలు పచ్చిగా ఉన్నప్పుడు తాత నన్ను వెంటబెట్టుకుని చెలకల గట్లకు పోయేవాడు. కొడవలితో కొమ్మలు మొదలంటా కోసేవాడు. ఇంటికి తెచ్చి, కర్రతో మెల్లగా మోది, కత్తితో నిలువునా ఒక గాటు పెట్టి, చెక్క చుట్టూ ఒలిచేవాడు. ఏ పక్కా ఇంత చెక్క మిగలకూడదు. మిగిలితే "సగం తిన్న బువ్వ లెక్క గట్ల వదిలేస్తవేంది" అని కసిరేవాడు. నాది ఎడమచేతి వాటం, తాతదీ అంతే. అమ్మ నా ఎడమచేతిని కొట్టి కొట్టి అలసిపోయింది కానీ తాత ఒక్కడే ఆ చేతికి కత్తి ఇచ్చాడు. అందుకే ఆయనంటే నాకు అంత ప్రేమ. ఇప్పటికీ అంతే ప్రేమ.

తోటలో మాత్రం తాత మాట ఎత్తకూడదు. "చేవెళ్ల దిక్కు మిషనోళ్లం" అని, అంటే పాదిరి గుడికి పోయేవాళ్లమని, ఒక్క మాటతో బాపు సరిపెట్టేవాడు. తోట పనికి చిల్కూరు నుంచి వచ్చే ఆడవాళ్లు మా కుండలోని నీళ్లు తాగేవారు. తాత చేసే పని తెలిస్తే తాగరని బాపుకు తెలుసు. తన నాయినంటే బాపుకు సిగ్గు కాదు, ఆ నీళ్లంటే భయం. ఈ తేడా నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం బాపు మీద కోపంగా ఉండేది.

ఆ ఏడు వానాకాలంలో అమ్మకు నెలలు నిండాయి. అమ్మమ్మ వచ్చి బాలింతకు పెట్టే కాయం కోసం శొంఠి, మిరియాలు, వాము దంచుతూ, "ఇంత దాల్చిన చెక్క పడితే మంచి ఘాటుంటుండె. మనకేడ దొరుకుతది గని" అంది. ఆ మాట నా చెవిలో పడింది. మన బాపు పెంచిన చెట్టే ఉండగా దొరకకపోవడం ఏమిటి అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, సన్నగా తుంపర పడుతుంటే, కూరగాయల కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి పోయాను. మోకాలి ఎత్తున, తాత నేర్పినట్టే గాటు పెట్టి లాగాను. వానకు నాని ఉందేమో, అరటి తొక్కలా ఊడి వచ్చింది. బాపు ఒక పక్కే ఎందుకు తీస్తాడో ఎప్పుడూ ఆలోచించలేదు. చెక్క అంటే చుట్టూ ఒలవాలి, సగం వదలకూడదు. నాకు తెలిసిన విద్య అది. జానెడు మేర కాండం చుట్టూ శుభ్రంగా ఒలిచేశాను.

ఒలిచాక తెల్లటి కట్టె బయటపడింది. ఏదో తప్పు చేశానని చూడగానే తెలిసిపోయింది. కాలువ బురద తీసి దానికంతా పూశాను. చెక్కను పాత సంచిలో చుట్టి మా ఇంటి అటక మీద, పగిలిన కుండల వెనక దాచాను. కాయం దాల్చిన చెక్క లేకుండానే అయింది. నాలుగు రోజులకు చెల్లెలు పుట్టింది.

ఇంకో నెలకు చెట్టు ఆకులు వాడటం మొదలైంది. నీళ్లు చాలలేదేమోనని బాపు కాలువ మళ్లించాడు. అవి మరింత వేలాడాయి. అప్పుడు చెట్టు మొదలుకు అంటుకున్న మట్టి కడిగి చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు. నేను ఇంటి గడపలో నిలబడి చూస్తున్నాను. పోయి చెప్పాలి. చెప్పలేదు. కూలోళ్లలో ఎవరో పనిగట్టుకుని చేశారని అమ్మమ్మ అంటే, నేను తల ఊపాను కూడా. ఆ ఊపు గుర్తొస్తే ఈ వయసులోనూ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పని మీద పట్నం పోయిన సాబ్ ఆ వారంలోనే తిరిగి రావాలి. అమ్మ చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, "చెక్కల సంగతి మీ నాయినకెరుక. పిలువరాదు" అంది. బాపు రెండు రోజులు చెట్టు చుట్టూ తిరిగాడు. మూడో రోజు తెల్లారకముందే చేవెళ్లకు నడిచి పోయి, పొద్దు గుంకే వేళకు తాతను వెంటబెట్టుకుని వచ్చాడు. చిల్కూరు ఆడవాళ్లు పని ముగించుకుని పోతూ తాత చేతులను చూశారు. తంగేడు రంగు పట్టిన ఆ చేతులు ఎంత కడిగినా దాగవు. మర్నాటి నుంచి వాళ్లు తమ కుండ తామే తెచ్చుకున్నారు. బాపు ఆ కుండను చూసి, తల తిప్పుకుని పని చేసుకున్నాడు.

తాత చెట్టు మొదట్లో గొంతుకూర్చుని, ఒలిచిన చోట వేలు పెట్టి చుట్టూ నిమిరాడు. గాటు దగ్గర వేలు ఆగింది. చాలాసేపు చూశాడు. తర్వాత బాపును కాలువ గట్టుకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. నాకు వినపడలేదు. బాపు ఒకసారి మా ఇంటి వైపు చూశాడు. చెట్టు సంగతే మాట్లాడుకుంటున్నారనుకున్నాను.

మర్నాడు పొద్దున సాబ్ వచ్చాడు. చెట్టు చూసి ఆయన ముఖం నల్లబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎవరు తీసిండ్రు గిది?" అన్నాడు.

"నేనే సాబ్," అన్నాడు బాపు. "చుట్టూ తీస్తే జర ఎక్కువొస్తదనుకున్న. తప్పైంది."

 బాపు చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నాడో నాకు బోధపడలేదు. దొంగను పట్టుకోలేక, మాలీగా తనే తలవంచాడని సర్దిచెప్పుకున్నాను.

సాబ్ తాతను చూపించి "ఈయనెవరు?" అన్నాడు.

"మా నాయిన సాబ్. చేవెళ్లల తోళ్లు చేస్తడు. చెక్క సంగతి ఆయన కన్న తెలిసినోళ్లు లేరు."

ఆ తోటలో బాపు ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తాత బాపును ఒకసారి చూసి, సాబ్ వైపు తిరిగి, "సాబ్, పైనంత సచ్చిపోయింది. ఏర్లు బతికున్నయి. మొదలంట కొట్టేస్తే చిగురొస్తది. తంగేడు గట్లనే వస్తది," అన్నాడు.

"తంగేడు జంగల్ మొక్క. ఇది దాల్చినీ."

"చెక్కున్నదేదైనా ఒక్కటే సాబ్."

సాబ్ వాడిన ఆకు ఒకటి తెంపి, నలిపి వాసన చూశాడు. చివరికి బాపుతో, "కొట్టుండ్రి. చలి పడేదాక చూస్త. చిగురొస్తే మీరుంటరు. రాకుంటే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు.

తాతే గొడ్డలి పట్టాడు. నేలకు జానెడు ఎత్తున, వాన నీళ్లు నిలవకుండా ఏటవాలుగా నరికాడు. చెట్టు పడ్డప్పుడు తోటంతా ఆ ఆకుల వాసన నిండిపోయింది. నరికిన చోట పేడా మట్టీ కలిపి మెత్తాడు. "నీళ్లెక్కువ పెట్టకు, ఏర్లు కుళ్లుతయి" అని బాపుకు చెప్పి, చేవెళ్లకు వెళ్లిపోయాడు.

ఇక మా ఇంట్లో ఎదురుచూపు తప్ప ఇంకో పని లేదు. అమ్మ ఆదివారం గుడిలో పాదిరి గారిని చెట్టు కోసం ప్రార్థన చేయమని అడిగింది. ఆయన ఒకసారి తల గోక్కుని, జబ్బు మనుషుల తర్వాత చెట్టును కూడా చేర్చాడు. నేను నా వంతుగా దేవుడికి ఒక మాట ఇచ్చాను. చిగురొస్తే అదే రోజు బాపుకు నిజం చెప్పేస్తానన్నాను. రోజూ బడికి పోయేముందు ఆ మొద్దు చుట్టూ తిరిగేదాన్ని. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. పొద్దున పూట గాలి చల్లబడింది. చంటిదాని బట్టలు, గిన్నెలు అమ్మ ఒక మూలకు చేర్చడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే "ఊకనే" అంది.

ఒక పొద్దున మొద్దు పక్కన ఎర్రటి ముల్లులాంటిది కనిపించింది. మర్నాటికి ఐదయ్యాయి. దాల్చిన చిగురు ఎర్రగా వస్తుంది, మామిడి చిగురులా. బాపును చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆయన వంగి చూసి, రుమాలుతో ముఖం తుడుచుకుని, అలాగే ముఖం మీద ఉంచేసుకున్నాడు. సాబ్ వచ్చి, చేతికర్రతో చూపిస్తూ ఒక్కొక్క చిగురునూ లెక్కపెట్టాడు. అమ్మ గిన్నెలు మళ్లీ చోటికి చేర్చింది. మేము ఉండిపోయాం.

దేవుడికిచ్చిన మాట మాత్రం నేను ఎగ్గొట్టాను. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. సాబ్ అప్పుడప్పుడూ అతిథులతో, "మా మాలీ మంచోడే గని, ఒకపారి ఆశకు పోయిండు" అనేవాడు. బాపు పక్కనే నిలబడి వినేవాడు. నేనూ వినేదాన్ని.

రెండేళ్లు గడిచి, మూడో వానాకాలం వచ్చేసరికి ఆ మొద్దు ఒక పొద అయింది. బొటనవేలంత లావు కొమ్మలు నిటారుగా పెరిగాయి. సాబ్ తానే కబురు పంపి తాతను పిలిపించాడు. తాత నాలుగు కొమ్మలు కోసి, మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. తోళ్లు గీకే మొద్దు కత్తిని కడిగి, దానితోనే పైన గరుకు తోలంతా గీకేశాడు. లోపలి పొర వదులయ్యేలా ఇత్తడి చెంబు అడుగుతో కొమ్మను రుద్దాడు. నిలువునా రెండు గాట్లు పెట్టి, లోపలి పొరను కాగితమంత పల్చగా లేపాడు. ఆ వాసన ఇప్పుడు ఎలా చెప్పను? తియ్యగా, వెచ్చగా ఉండి, గొంతులో ఎక్కడో తగిలింది. పొరల్లో పొర పెట్టి నీడన చాప మీద ఆరబెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే అవి వాటంతటవే చుట్టుకుని ఉన్నాయి. ఎవరూ చుట్టలేదు. బావర్చి ఒకటి తీసి విరిచి, కొరికి, "యా అల్లా" అని చాప పక్కనే కూర్చుండిపోయాడు.

తాత మిగిల్చి ఉంచిన చివరి కొమ్మ నా చేతికిచ్చాడు. నేను కత్తి కుడిచేతిలోకి తీసుకోబోతే, "ఎడమచేత్తోనే పట్టు బిడ్డా," అన్నాడు. "ఎడమచేతి గాటు ఇటు లోతుగ పడ్తది, అటు తేలిపోతది. ఎవల గాటో చూస్తెనే ఎరుకైతది." నా చెయ్యి ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. "చెట్టు నిలబడుండంగ చుట్టూ ఒలవొద్దు. కోసి ఒలవాలె. నేను నీకది చెప్పలే. నాదే తప్పు," అని కొమ్మ చివర పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సాబ్ వరండాలో ఆ చెక్కతో కాచిన చాయ తాగాడు. మేమంతా మెట్ల కింద నిలబడ్డాం. ఒక గుటక మింగి కనుబొమలు ముడిచాడు. "ఇదేంది, మన పాత రుచి లేదు?" అన్నాడు.

తాత ముఖం పాలిపోయింది. బావర్చి రెండడుగులు ముందుకు వచ్చాడు. "సాబ్, మాఫీ చెయ్యాలె. మీ పాత రుచి బజారుది. గిన్నేండ్లు నేను చెట్టు చెక్క వెయ్యలే. మీ దిల్ దుఃఖపడ్తదని చెప్పలే. చెట్టుది ఇదొక్కటే సాబ్."

 సాబ్ కప్పులోకి చూశాడు. ఇంకో గుటక తాగాడు. "అయితే నా చెట్టు చాయ నేను తాగుడు ఇదే పహిలీసారి," అన్నాడు. కప్పు ఖాళీ చేసి, బావర్చి వైపు చాపి, "ఇంకింత పొయ్యి," అన్నాడు.

బావర్చి ముసలివాడు. ఆయనకూ కొలువు భయం ఉంది, ఇంటినిండా పిల్లలున్నారు. ఆయన చెప్పగలిగింది నేను చెప్పలేనా అనిపించింది. ఇంటికి వెళ్లేటప్పుడు కాలువ గట్టు మీద బాపును ఆపాను. "బాపూ, గా దినం చెట్టు ఒలిచింది నేను. అమ్మ కాయానికని," అన్నాను. 

"ఎరుకే బిడ్డా," అన్నాడు బాపు. "తాత వచ్చిన దినమే చెప్పిండు."

అంటే సాబ్ ముందు "నేనే" అన్నప్పుడు ఆయనకు తెలుసు. రెండేళ్లు ఆశపోతు మాలీ అనిపించుకున్నప్పుడూ తెలుసు. నేను అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పక్కన కూర్చుని, ఏడుపు అయ్యేదాకా గడ్డి పీకుతూ ఉన్నాడు.

ఆ తోట ఇప్పుడు లేదు. బావి పూడ్చారు, గోడలు కట్టారు, గేట్లు పెట్టారు. మెహిదీపట్నం బస్సు కిటికీలోంచి నేను చూపించే చోటు ఏటేటా మారిపోతుంటే, మా కోడలు నా మాట ఇంకా తక్కువ నమ్ముతోంది. ఆ పొద ఎవరి ఫామ్‌హౌస్ గోడ కింద పోయిందో తెలియదు. పోయినా ఏర్లు ఎక్కడో ఉండే ఉంటాయని నాకొక పిచ్చి నమ్మకం. తాత మనవరాలిని కదా.

కాలువ గట్టు మీది నుంచి ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక బాపు అటక మీద చెయ్యి పెట్టి, పగిలిన కుండల వెనక నుంచి నా పాత సంచి తీశాడు. నేను దాచిన చెక్క. అటక కారేది. రెండు వానాకాలాల్లో అది ఎప్పుడో కుళ్లి ఉంటుందనుకుని, నేను మళ్లీ ఆ వైపు చూడనే లేదు. సంచి విప్పితే చెక్క పొడిగా, శుభ్రంగా ఉంది. ఒక్క బూజు మచ్చ లేదు.

"నువ్వు బడికి పోయినప్పుడు ఎండల పెడ్తుంటి," అన్నాడు బాపు. "మీ అమ్మకని తెస్తివి కదా. నువ్వే ఇస్తవని ఉంచిన."

నేను దాన్ని తీసుకెళ్లి అమ్మకిచ్చాను. అమ్మ ఒక ముక్క విరిచి బెల్లం చాయలో వేసింది. చేదుగా, వగరుగా ఉంది. మేము నలుగురం, తాతతో సహా, చివరి చుక్కదాకా తాగాం.